గేటు నుంచి ప్రభువు బల్ల దాకా: వికలాంగులైన విశ్వాసుల కోసం సంఘం చేయవలసిన పనులు

సంఘ పెద్దలు, సండే స్కూల్ టీచర్లు, కొన్నిసార్లు పాస్టరమ్మగార్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మా ఊళ్ళో నడవలేనివారు, చూపు లేనివారు, మాటలు రాని పిల్లలు ఉన్నారు. వారి కోసం ఏదైనా చేయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?" అడిగేవారిలో చాలామంది మనసులో ఒక జవాబు అప్పటికే ఉంటుంది: క్రిస్మస్‌కు దుప్పట్లు పంచడమో, ఒక చక్రాల కుర్చీ కొనివ్వడమో. అవి తప్పని నేను అనను. కాని దుప్పటి అందుకున్న మనిషి వచ్చే ఆదివారం మందిరంలో మన పక్కన కూర్చోలేకపోతే, మన కనికరం గేటు దగ్గరే ఆగిపోయినట్టు.

రెండవ సమూయేలు 9వ అధ్యాయంలో దావీదు రాజు తన స్నేహితుడు యోనాతాను కుమారుడైన, నడవలేని మెఫీబోషెతుకు భూములు తిరిగి ఇచ్చిన సంగతి మనకు తెలుసు. అయితే ఆ చిన్న అధ్యాయంలో నాలుగుసార్లు చెప్పిన మాట భూముల గురించి కాదు, అతడు రాజు బల్ల దగ్గర భోజనం చేయడం గురించి. అధ్యాయం చివరి మాట ప్రకారం అప్పటికీ అతని రెండు కాళ్ళూ కుంటివే. బల్ల దగ్గరికి రావడానికి కాళ్ళు బాగుపడటం షరతు కాలేదు. ఈ క్రింది పనులన్నీ ఆ ఒక్క సంగతిని మీ మందిరంలో అమలు చేయడం కోసమే.

కావలసినవి

- ముగ్గురు లేక నలుగురు మనుషులు. వీరిలో ఒకరైనా వికలాంగులు గాని, వికలాంగుడైన బిడ్డను పెంచుతున్న తల్లి గాని అయి ఉండాలి. ఇది లేకుండా పని మొదలుపెట్టవద్దు.
- ఒక కొలత టేపు, ఒక నోటుపుస్తకం.
- ఒక్క ఆదివారానికి అరువు తెచ్చుకున్న చక్రాల కుర్చీ.
- సంఘ కమిటీ తీర్మానం, దానితో పాటు చిన్నదైనా సరే కేటాయించిన సొమ్ము. ఎవరో ఒక దాత పేరు మీద జరిగే పని ఆ దాత ఉత్సాహంతోనే ముగిసిపోతుంది.

1. ఎవరు రావడం లేదో లెక్క వేయండి

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది, అంటే వందకు ఇద్దరికి పైగా. మీ సంఘంలో 300 మంది ఉంటే ఆరేడుగురు ఉండాలి. ఒక్కరూ కనబడటం లేదంటే లేరని అర్థం కాదు, ఇంట్లో ఉన్నారని అర్థం. సభ్యత్వ పుస్తకం తీసుకుని ఒక్కొక్క కుటుంబం పేరు చదువుతూ, ఈ ఇంట్లో మందిరానికి రానివారు ఎవరున్నారో రాసుకోండి.

నడవలేనివారిని మాత్రమే లెక్కపెట్టడం మొదటి పొరపాటు. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలు ఉండగా, 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో ఇరవై ఒకటి ఉన్నాయి. ఆటిజం, మానసిక అనారోగ్యం, పార్కిన్సన్స్, సికిల్ సెల్, తలసేమియా అనే రక్తవ్యాధులు, చదవడంలో రాయడంలో ఇబ్బంది, కుష్ఠు నయమైన తర్వాత మిగిలిన అంగవైకల్యం, ఇవన్నీ అందులోనివే. వయసు మీద పడి వినికిడి తగ్గి, పాటలు అందక, ఏదో ఒక సాకు చెప్పి మానేసిన పెద్దావిడను కూడా ఈ పుస్తకంలో రాయండి.

తర్వాత ఇళ్ళకు వెళ్ళండి. ఇద్దరు చాలు, పదిమంది వద్దు. "ఎప్పటి నుంచి ఇలా ఉంది, ఎలా జరిగింది" అనే ప్రశ్న వారు వెయ్యిసార్లు విన్నారు, దానితో మొదలుపెట్టవద్దు. యేసు ప్రభువు బర్తిమయిని చూసి, అతనికి చూపు లేదని కళ్ళెదుట కనబడుతున్నా, నేను నీకేమి చేయగోరుచున్నావని అడిగాడు. మీరూ అదే అడగండి: "మందిరానికి రావాలని ఉందా? ఏది అడ్డుగా ఉంది?" ప్రశ్నను పక్కనున్న బంధువుకు కాకుండా ఆ వ్యక్తికే వేయండి. మాట తడబడినా, జవాబు ఆలస్యమైనా, మీరే వాక్యం పూర్తి చేయకుండా ఆగండి. ఏ మాటతో పిలిస్తే బాగుంటుందో కూడా అడగండి. దివ్యాంగులు అనే మాట కొందరికి గౌరవంగా, మరికొందరికి కృతకంగా అనిపిస్తుంది.

2. గేటు నుంచి బల్ల దాకా కొలవండి

అరువు తెచ్చిన చక్రాల కుర్చీలో ఒక సంఘ పెద్దను కూర్చోబెట్టి గేటు నుంచి ప్రభువు బల్ల వరకు, అక్కడి నుంచి మరుగుదొడ్డి వరకు తీసుకువెళ్ళండి. కుర్చీ ఆగిన ప్రతిచోట టేపు పెట్టి కొలత రాయండి. తలుపు తెరిచినప్పుడు కనీసం 3 అడుగుల ఖాళీ ఉండాలి, కుర్చీ తిరగడానికి 5 అడుగుల చదరపు చోటు ఉండాలి. మరుగుదొడ్డి తలుపు బయటికి తెరుచుకోవాలి, ఎందుకంటే లోపల ఎవరైనా పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపును వారి శరీరమే అడ్డుకుంటుంది.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. అరగంట కుర్చీలో కూర్చున్న పెద్దకు కష్టం తెలుస్తుంది గాని ఆ జీవితం తెలియదు. అందుచేత కొలతలు ఆయన చేత తీయించి, నిర్ణయాలు మాత్రం కుర్చీ వాడేవారిని అడిగి చేయండి.

3. ర్యాంపు కట్టండి

అందరూ ఇక్కడే తప్పు చేస్తారు, మేమూ చేశాం. మా మందిరం ముందున్న మూడు మెట్ల మీదనే సిమెంటు పోసి, ఆరడుగుల పొడవులో ముగించి, చూడటానికి బాగుండాలని నున్నటి టైల్స్ అతికించాం. డిసెంబరులో ఒక ఉదయం, మూడు చక్రాల బండి మీద వచ్చిన సహోదరుణ్ణి ఇద్దరు కుర్రవాళ్ళు వెనక నుంచి నెట్టారు. మంచుకు తడిసిన టైల్స్ మీద వారి కాళ్ళు జారి, బండి వెనక్కి వచ్చి గేటు స్తంభానికి కొట్టుకుంది. ఆయన మోచేయి చీరుకుపోయింది. చొక్కా చేతిని మడిచి రక్తం తుడుచుకుంటూ ఆయన అన్న మాట నేను మరచిపోలేను: "మెట్లున్నప్పుడు నన్ను ఎత్తుకుని తీసుకెళ్ళేవారండీ. ఇప్పుడు దారి వేశామని చెప్పి వదిలేశారు."

సరైన లెక్క ఇది. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. మూడు మెట్లు ఒక్కొక్కటి ఆరు అంగుళాలైతే మొత్తం ఎత్తు అడుగున్నర, ర్యాంపు పొడవు 18 అడుగులు. వెడల్పు 4 అడుగులు ఉంచండి. పైన తలుపు ముందు, క్రింద మొదట్లో, మలుపు ఉంటే మలుపులో 5 అడుగుల చదునైన చోటు వదలండి. వాలు మీద ఆగి తలుపు తెరవడం ఎవరికీ సాధ్యం కాదు. రెండు వైపులా చేతి రెయిలింగు రెండు ఎత్తుల్లో, సుమారు 30 అంగుళాలకు ఒకటి, 36 అంగుళాలకు ఒకటి పెట్టించండి. చక్రం పక్కకు జారకుండా అంచున చిన్న గట్టు కట్టించండి. టైల్స్ వద్దు, పచ్చి సిమెంటు మీద చీపురుతో అడ్డగీతలు గీయమని మేస్త్రీకి చెప్పండి.

"అంత పొడవు ఎందుకండీ, స్థలం దండగ" అని మేస్త్రీ అంటాడు, కమిటీలో కూడా ఎవరో ఒకరు అంటారు. అప్పుడు పొట్టి ర్యాంపుకు ఒప్పుకోవడం కంటే ఈ ప్రత్యామ్నాయాలు మేలు. పక్క తలుపు దగ్గర నేల ఎత్తుగా ఉంటే అక్కడ కట్టండి, కాని ఆ తలుపు ప్రతి ఆదివారం ముందే తెరిచి ఉండాలి. గోడ వెంబడి మలుపు తిప్పితే పొడవు సగం స్థలంలో సరిపోతుంది. నగరాల్లో చాలా సంఘాలు లిఫ్టు లేని భవనాల్లో, మూడో అంతస్తులోని అద్దె హాలులో కూడుకుంటాయి. అటువంటివారు నెలకు ఒక్క ఆరాధననైనా క్రింది అంతస్తుకు గాని, పందిరి క్రిందికి గాని మార్చుకోవచ్చు. ఎత్తుకుని మోయడం తప్పనిసరైనప్పుడు ఆ వ్యక్తి అనుమతి తీసుకోండి, ఎలా పట్టుకోవాలో వారినే చెప్పమనండి, స్త్రీలను స్త్రీలే మోసేలా చూడండి.

సరిచూసుకోవడం: బకెట్టు నీళ్ళు పోసి, తడి మీద చక్రాల కుర్చీ వాడే వ్యక్తిని ఎవరి సహాయమూ లేకుండా పైకి వెళ్ళి దిగమనండి, ఒకరు మాత్రం వెనక జాగ్రత్తగా నిలబడాలి. చేతులతో తానే చక్రాలు తిప్పుకోగలిగిన మనిషి కూడా ఎక్కలేకపోతే, మీరు కట్టింది ర్యాంపు కాదు.

4. చెప్పులు, చాపలు, కూర్చునే చోటు

మన మందిరాల్లో గడప దగ్గర చెప్పుల గుట్ట ఉంటుంది. చేతికర్ర తగిలి చూపు లేనివారు పడేది అక్కడే. ఒక పక్కన అర పెట్టించి, గడపకు ఇరువైపులా ఖాళీ ఉంచే బాధ్యత ఒక యౌవనస్థుడికి అప్పగించండి. పోలియో వచ్చిన కాలికి ఊతగా వేసుకునే లోహపు పట్టీ, అంటే క్యాలిపర్, బూటుకే బిగించి ఉంటుంది. బూటు విడిచి రమ్మనడం కాలు విడిచి రమ్మనడమే. తలుపు దగ్గర తడి గోనెపట్టా, ఒక పొడిగుడ్డ ఉంచితే బూట్లు, చక్రాలు, కర్రల కొనలు తుడుచుకుని లోపలికి రావచ్చు. తడి రబ్బరు కొన నున్నటి బండ మీద జారుతుంది కాబట్టి పొడిగుడ్డను మరచిపోవద్దు.

చక్రాల కుర్చీని చివరి వరుస వెనకనో, గోడ మూలనో నిలపవద్దు. మధ్య వరుసల్లో రెండు మూడు చోట్ల ఒక్కొక్క కుర్చీ తీసేసి ఖాళీ ఉంచితే, వచ్చినవారు తమ ఇంటివారి పక్కన కూర్చుంటారు. స్త్రీలు ఒకవైపు, పురుషులు ఒకవైపు కూర్చునే సంఘాల్లో ఇంకొక చిక్కు ఉంది. పక్షవాతం వచ్చిన భర్తకు నీళ్ళు పట్టే భార్య, పాతికేళ్ళ కొడుకు చేయి వదలలేని తల్లి ఎటు కూర్చోవాలి? ఈ కారణం చేతనే ఇంట్లో ఉండిపోయిన భార్యాభర్తలు నాకు తెలుసు. పక్క వరుసల్లో కుటుంబంగా కూర్చునే చోటు ఒకటి ఏర్పాటు చేసి, పాస్టరుగారే పైనుంచి ఒకసారి ప్రకటిస్తే ఎవరూ గుసగుసలాడరు.

పెద్ద శబ్దాన్ని తట్టుకోలేని పిల్లలను స్పీకరు దగ్గర కూర్చోబెట్టవద్దు. వినికిడి యంత్రం పెట్టుకున్నవారికి కూడా ఆ చోటు బాధే. పిల్లవాడు అరిస్తే తల్లి వైపు తిరిగి చూడకుండా ఉండమని సంఘానికి చెప్పండి. వరండాలో ఒక చాప వేసి, ఆరాధన వినబడే చోట కాసేపు తిప్పి తీసుకురావడానికి ఒక సహోదరి ఉంటే చాలు, ఆ తల్లి వాక్యం వినగలుగుతుంది.

5. ఆరాధన క్రమంలో చిన్న మార్పులు

"అందరం లేచి నిలబడదాం" అనే చోట "నిలబడగలిగినవారు నిలబడండి, కూర్చున్నవారు కూర్చునే స్తుతించండి" అనండి. మోకాళ్ళూనమనేటప్పుడూ అంతే.

తెర మీద పాట వేసినప్పుడు చూపు లేనివారికి పాటల పుస్తకమూ లేదు, తెరా లేదు. శనివారం సాయంత్రమే పాటలు, వాక్యభాగాలు వాట్సాప్‌లో పంపండి, అయితే ఫొటోగా కాదు, టైపు చేసిన అక్షరాలుగా. ఫోనులోని చదివి వినిపించే సదుపాయం యూనికోడ్ తెలుగును చదువుతుంది గాని బొమ్మలోని పాటను సరిగా చదవలేదు. సంఘ పత్రికలను ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లలో కూర్చి పీడీఎఫ్ చేసేవారు ఎక్కువ. అవి చూడటానికి తెలుగే, ఫోను చదివితే అర్థం లేని అక్షరాలే. బ్రెయిలీ బైబిలు ఒక్క పుస్తకంగా కాక అనేక సంపుటాలుగా ఉంటుంది కాబట్టి, ఆ వారం చదివే భాగం ఏ సంపుటంలో ఉందో ముందే తెలియాలి. బ్రెయిలీ రానివారు మొబైలులో ఉచితంగా దొరికే తెలుగు ఆడియో బైబిలు వాడుకోవచ్చు.

బధిరుల విషయంలో, గట్టిగా అరిచి చెబితే చాలనుకోవడం పొరపాటు. పుట్టుకతో వినికిడి లేనివారిలో చాలామందికి సంజ్ఞా భాషే మొదటి భాష, తెలుగు రాత రెండోది. ఇంటర్‌ప్రెటర్ ఉంటే పాస్టరుగారి పక్కన, ముఖం మీద వెలుగు పడేచోట నిలబెట్టండి. లేకపోతే యౌవనస్థుల్లో ఇద్దరిని భారతీయ సంజ్ఞా భాష నేర్చుకోవడానికి పంపండి. 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం తయారుచేసిన నిఘంటువు వీడియోలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. ఇంట్లో అలవాటైన సైగలు తెలిసిన అక్కో తమ్ముడో ఇంటర్‌ప్రెటర్ కారు. ప్రసంగం అంతా వారి మీద వేయవద్దు.

6. ప్రభువు బల్ల

సంస్కారం, అంటే ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షారసం, తీసుకోవడానికి మెట్లెక్కి మోకరించే సంఘాల్లో, ఎక్కలేనివారికి చివర తెచ్చి ఇవ్వడం అలవాటు. చివర కాదు, వారి వరుస వంతు వచ్చినప్పుడే తీసుకువెళ్ళండి. చేతులు వణికేవారికి చిన్న గిన్నెలో అంచు దాకా పోయవద్దు. మింగడం కష్టమైనవారికి రొట్టెను ద్రాక్షారసంలో ముంచి ఇవ్వవచ్చా అని ఇంటివారినీ, వారినీ ముందే అడగండి.

కుష్ఠు నయమైనవారి విషయంలో కొందరు ఇప్పటికీ పక్కకు జరుగుతారు. మందులు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఆ వ్యాధి ఇతరులకు అంటదు; మిగిలిన వేళ్ళ వంకర వ్యాధి కాదు, దాని గుర్తు. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో 1915 నాటికే ఇసబెల్ కెర్ అనే మిషనరీ డాక్టరు వారి కోసం ఆస్పత్రి పనికి పూనుకుంటే, నూరేళ్ళ తర్వాత మన బల్ల దగ్గర భయపడటం తగదు. పాస్టరుగారు ముందుగా తానే వారి చేయి పట్టుకుని పలకరిస్తే, ప్రసంగం కంటే ఎక్కువ పనిచేస్తుంది.

7. ప్రార్థన: అడిగి చేయండి

దేవుడు స్వస్థపరుస్తాడని నేను నమ్ముతాను. నమ్ముతూనే ఈ జాగ్రత్తలు రాస్తున్నాను, ఎందుకంటే వికలాంగులు సంఘాన్ని విడిచి వెళ్ళడానికి నేను విన్న కారణాల్లో మెట్ల కంటే ఇదే ఎక్కువ.

చేయి వేయడానికి ముందు, "మీ కోసం ప్రార్థన చేయవచ్చా? దేని కోసం చేయమంటారు?" అని అడగండి. చూపు లేని ఒక సహోదరి కోసం ప్రతి ఉపవాస కూడికలోనూ కళ్ళ గురించే ప్రార్థన జరిగేది. ఒకనాడు ఒక పెద్దావిడ ఆమె పక్కన చాప మీద కూర్చుని ఈ ప్రశ్న అడిగితే, ఆమె పైట కొంగు వేలికి చుట్టుకుంటూ, "మా తమ్ముడు తాగుడు మానాలని చేయండమ్మా, ఇంట్లో అన్నం ఉండటం లేదు" అంది. అన్నేళ్ళూ ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

ఎప్పుడూ చేయకూడనివి ఇవి. చేతికర్రలు, క్యాలిపర్లు లాక్కుని నడవమనకూడదు. విశ్వాసం చాలలేదని గాని, తల్లిదండ్రుల పాపమని గాని అనకూడదు. పుట్టు గ్రుడ్డివాని విషయంలో శిష్యులు ఇదే అడిగితే, వీడైనను వీని కన్నవారైనను కారణం కాదని ప్రభువు చెప్పాడు (యోహాను 9:3). తన శరీరంలో ముల్లులాంటి బాధను తొలగించమని పౌలు మూడుసార్లు వేడుకున్నా అది తొలగలేదు, కృప చాలునన్న జవాబు వచ్చింది. మూర్ఛ మాత్రలు గాని, మానసిక వ్యాధి మందులు గాని ఆపమని చెప్పకూడదు. మూర్ఛ మాత్రలు హఠాత్తుగా మానితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం పోవచ్చు. మానసిక అనారోగ్యం ఉన్నవారిని ప్రార్థన పేరుతో గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పూర్తిగా నిషేధించింది. మీ ప్రాంతంలో అలా జరుగుతుంటే చూసీచూడనట్టు ఊరుకోవద్దు.

8. వేదిక మీది మాటలు

తెలుగు బైబిలులోని గ్రుడ్డివాడు, కుంటివాడు అనే మాటలను వాక్య పఠనంలో ఉన్నవి ఉన్నట్టే చదవండి. మీ సొంత మాటల్లో మాత్రం "చూపు లేని వ్యక్తి", "నడవలేని మనిషి" అనండి. కుంటిసాకులు, గుడ్డినమ్మకం, చెవిటివాడి ముందు శంఖం, ఇవన్నీ ప్రసంగంలో అలవాటుగా దొర్లిపోతాయి. ఎదుట కూర్చున్నవారికి మాత్రం ప్రతిసారీ తగులుతాయి. ప్రసంగం రికార్డింగు ఒక్కటి విని, ఎన్నిసార్లు వచ్చాయో గీతలు పెట్టి చూసుకోండి. వికలాంగులను చూపించి "మనకు దేవుడు అన్నీ ఇచ్చాడు, స్తోత్రం చెప్పండి" అనే అలవాటు కూడా మానాలి. చెవిటివానిని తిట్టకూడదని, గ్రుడ్డివాని యెదుట అడ్డం వేయకూడదని లేవీయకాండము 19:14 చెబుతోంది. మాట కూడా అడ్డమే.

9. పని అప్పగించండి

ఇది దాటవేస్తే పైన చేసినదంతా అతిథి మర్యాదగా మిగిలిపోతుంది. వికలాంగుల దినమైన డిసెంబరు 3న వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి, మిగిలిన సంవత్సరమంతా వెనక వరుసలో ఉంచవద్దు. వాక్యం చదవడం, కానుకలు లెక్కించడం, విజ్ఞాపన ప్రార్థన నడపడం, సౌండు చూసుకోవడం, కమిటీలో ఓటు, వీటిలో ఏది చేయగలరో అడిగి అప్పగించండి. మన తెలుగువారు ఎందరో వైద్యం కోసం వెళ్ళే వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మేరీ వర్గీస్ అనే యువ వైద్యురాలికి 1954లో కారు ప్రమాదం జరిగి నడుము క్రింది భాగం చచ్చుబడిపోయింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు, తర్వాత అక్కడి పునరావాస విభాగాన్ని నడిపారు, 1972లో పద్మశ్రీ పొందారు. ఆమెకు సానుభూతి మాత్రమే ఇచ్చి ఇంట్లో కూర్చోబెట్టి ఉంటే ఆ చేతులన్నీ ఏమయ్యేవి?

బుద్ధి మాంద్యం ఉన్నవారికి కూడా పని ఉంటుంది. సండే స్కూలులో కంఠత వాక్యాల పోటీలో వెనకబడే పిల్లవాడు పాటల పుస్తకాలు పంచగలడు, గంట కొట్టగలడు. పని ఒకసారి ఇచ్చాక ప్రతి వారం అదే ఉంచండి. మార్చితే వారికి కలత.

10. సహాయం చేసేటప్పుడు

కొలత లేకుండా చక్రాల కుర్చీ కొనవద్దు. పెద్దల కుర్చీలో చిన్నపిల్లను కూర్చోబెడితే నడుము వంకర పోతుంది. స్పర్శ లేనివారికి మెత్త లేకపోతే పుండ్లు పడతాయి. వైకల్య ధ్రువీకరణ పత్రం (సదరం సర్టిఫికెట్ వంటిది) లేనివారికి అది ఇప్పించడమే చాలాసార్లు అన్నిటికంటే పెద్ద సహాయం. పింఛను, బస్సు పాసు, ఉపకరణాలు అన్నీ దాని మీదే ఆధారపడతాయి, చాలా పథకాలకు 40 శాతం వైకల్యం నమోదు కావాలి. దాని వైద్య పరీక్షకు స్లాటు దొరికిన రోజున ఆస్పత్రికి ఆటో మాట్లాడి, పక్కన ఒక మనిషి వెళ్ళి, మధ్యాహ్నం అన్నం పెట్టించి తీసుకురావాలి. ఇచ్చిన వస్తువుతో వారి ఫొటో తీసి ఫ్లెక్సీ వేయవద్దు.

ఫలితం ఎలా తెలుస్తుంది?

ఆరు నెలల తర్వాత మొదట రాసిన నోటుపుస్తకం తీయండి. అందులోని పేర్లలో ఎవరు వస్తున్నారు, నెలకు ఎన్ని ఆదివారాలు, ఎవరి పక్కన కూర్చుంటున్నారు, ఏ పని చేస్తున్నారు అనే నాలుగు ప్రశ్నలకు జవాబులు రాయండి. ఒకసారి వచ్చి మానేసిన వారి ఇంటికి ముందుగా వెళ్ళండి. లోపం ఎక్కడుందో ఎప్పుడూ రానివారి కంటే వారికే బాగా తెలుసు. ఎవరైనా మీతో ఫిర్యాదు చేస్తే, "ర్యాంపు మీద బండి పెట్టారు, నేను తిరిగి వెళ్ళిపోయాను" అని కోప్పడితే, దాన్ని కృతజ్ఞత లేకపోవడంగా తీసుకోవద్దు. అది తన మందిరం అనుకున్న మనిషి మాట. వెళ్ళి ఆ బండి తీయించండి, వచ్చే ఆదివారం అక్కడ ఎవరూ బండి పెట్టకుండా కాపలాకు ఒక మనిషిని నిలపండి.